ఏమీ దొరకని కొలువు

జగిత్యాల జిల్లాలో ఎవరైనా ముత్యంపేట అంటే ‘ఏ ముత్యంపేట?’ అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. మల్లాపూర్ మండలంలో ఉన్నది చక్కెర ఫ్యాక్టరీ ముత్యంపేట. మల్యాల మండలంలో ఉన్నది అంజన్న ముత్యంపేట. కొండగట్టు ఆంజనేయస్వామి గుట్ట ఈ ఊరి శివారులోదే. ఇప్పుడు చెప్పబోయేది గుట్ట ముత్యంపేట సంగతి. చక్కెర ముత్యంపేట కూడా మధ్యలో ఒకసారి అడ్డు తగులుతుంది. తగలకుండా ఉండదు.

కొన్నేళ్ళ కిందటి మాట. పెద్ద హనుమాన్ జయంతికి ఇంకా రెండు రోజులుంది. వైశాఖ బహుళ దశమి అంటే ఎండలు ముదిరిన కాలం. జగిత్యాల, ధర్మపురి వైపు 45 డిగ్రీలు దాటినా జనం వింతగా చెప్పుకోరు. గుట్ట మీద క్యూలైన్ల ఇనుప గొట్టాలు బిగిస్తున్నారు, చలువ పందిళ్ళు వేస్తున్నారు, కొబ్బరికాయల బస్తాలు లారీల్లోంచి దిగుతున్నాయి. మాల విరమణకు కాషాయ బట్టల్లో జనం అప్పటికే ఒకరొకరుగా ఎక్కి వస్తున్నారు. ఆ సందట్లోకి డాగ్ స్క్వాడ్ జీపు వచ్చి ఆగింది.

ముందు హ్యాండ్లర్ దిగాడు. కుక్కను దించలేదు. వంగి, అరచెయ్యి తిరగేసి, వెనక వైపు బండకు ఆనించి, అయిదారు లెక్కపెట్టినంతసేపు ఉంచాడు. చెయ్యి తీసేసి తల అడ్డంగా ఊపాడు. పక్క దుకాణంలో రెండు బకెట్ల నీళ్ళడిగి బండల మీద చల్లించాడు. మళ్ళీ చెయ్యి ఆనించి చూశాడు. అప్పుడు తలుపు తీశాడు. గోధుమ రంగు లాబ్రడార్ ఒకటి తోక ఊపుకుంటూ దూకింది. బూట్లు తొడుక్కున్న పోలీసుకు బండ వేడి తెలిసే అవకాశం లేదు. తెలుసుకోవడానికి అతను రోజూ చెయ్యి కాల్చుకుంటున్నాడన్నమాట.

తర్వాత గంటసేపు ఆ కుక్క చేసిన పని చూస్తూ కూర్చున్నాను. హుండీల చుట్టూ తిరిగింది. చెప్పుల స్టాండులో అరలన్నీ ఒక్కొక్కటే చూసింది. మైకుసెట్టు పెట్టెలు, చెత్త డబ్బాలు, నీళ్ళ ట్యాంకు కింది చీకటి, ప్రసాదాల కౌంటరు వెనక ఖాళీ అట్టపెట్టెల గుట్ట, ఏదీ వదల్లేదు. కొండగట్టు కోతుల సంగతి అక్కడికి వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కర లేదు. చేతిలో కొబ్బరి చిప్ప కనిపిస్తే మనిషినైనా లెక్కచేయవు. ఒక ముసలి కోతి ప్రహరీ మీద కూర్చుని ఈ కుక్కను చూసి పళ్ళు ఇకిలించింది, కిందికి దిగి తోక అందుకునేంత దగ్గరకు వచ్చింది. మన ఊరకుక్క అయితే ఆ గుట్ట దద్దరిల్లిపోయేది. ఇది కనీసం తల తిప్పలేదు. దాని ముక్కు అప్పుడు ఒక గోనెసంచి కుట్టు మీద ఉంది.

పని అయ్యాక హ్యాండ్లర్‌ను అడిగాను. “ఏమన్న దొరికిందా అన్నా?”

“దొరకలే సార్,” అన్నాడు. “దొరకద్దనే గద తిప్పేది.”

అక్కడితో ఊరుకోలేదతను. తోటి కానిస్టేబుల్‌కు కనుసైగ చేశాడు. అతను కుక్క చూడకుండా ఒక చిన్న పొట్లాం తీసుకెళ్ళి పందిరి గుంజ పక్కనున్న ఇసుక బస్తా వెనక పెట్టి వచ్చాడు. మందుగుండు నమూనా అది, శిక్షణకు వాడేది. కుక్కను మళ్ళీ వదిలారు. రెండు నిమిషాల్లో బస్తా దగ్గరకు పోయి గాలి లాగి, గబుక్కున చతికిలబడి, హ్యాండ్లర్ మొహంలోకి చూసింది. మొరగలేదు, గోకలేదు. బాంబు కుక్కకు మొరగడం, గోకడం నేర్పరు. మందుగుండు దొరికితే కదలకుండా కూర్చోవడమే అది చెప్పే మాట. హ్యాండ్లర్ జేబులోంచి బంతి తీసి విసిరాడు. ఆ బంతిని నోట కరిచి ఆ కుక్క వేసిన గంతులు చూడాలి. అంతటి దేవుడి గుట్ట మీద ఆ పూట అంత ఆనందంగా ఉన్న జీవి ఇంకొకటి లేదు.

“రోజంత తిప్పి ఏం దొరకకుంటే దాని మనసు చిన్నవోతది సార్. రేపు సరిగ్గ పని చెయ్యదు. గందుకే పొద్దుమీకి ఒక్కటన్న దొరకాలె.”

ఈ మాట చాలాకాలం నాతో ఉండిపోయింది. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు శిథిలాల్లో ప్రాణాలతో ఉన్నవాళ్ళను వెతకడానికి వచ్చిన కుక్కలకూ ఇదే జరిగిందని తర్వాత చదివాను. రోజుల తరబడి బతికున్న మనిషి దొరక్క అవి దిగాలుపడిపోతే, హ్యాండ్లర్లే శిథిలాల్లో దాక్కుని వాటి చేత తమను వెతికించుకున్నారు. ముత్యంపేట కానిస్టేబుల్ ఇసుక బస్తా వెనక పొట్లాం పెట్టించడం, అక్కడ మనుషులు ఇటుకల కింద దాక్కోవడం ఒకే బడిలో నేర్చిన పాఠం.

పోలీసు కుక్క అనగానే మనకు దొంగ ఇంటి గడప దాకా పరుగెత్తి ఆగే సినిమా కుక్క గుర్తొస్తుంది. నిజానికి దాని ఉద్యోగం ముప్పాతిక భాగం ‘ఇక్కడేమీ లేదు’ అని చెప్పడం. మంత్రి సభకు ముందు వేదిక కింద దూరి ఏమీ లేదని చెబుతుంది. రైల్వే స్టేషన్లో సూట్‌కేసుల వరస పొడవునా నడిచి ఏమీ లేదని చెబుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి పిల్లలు దుబాయికో దోహాకో పోతూ శంషాబాద్ విమానాశ్రయంలో ఒక కుక్క తమ సంచీ మీద ముక్కు పెట్టి పక్కకు జరిగిపోతే, ‘బతికినంరా’ అని నవ్వుకుంటారు. ఆ కుక్క అప్పుడొక పని పూర్తిచేసిందన్న సంగతి వాళ్ళకూ తట్టదు, మనకూ తట్టదు. దొరికినవాటికి పంచనామా ఉంటుంది, కేసు నంబరు ఉంటుంది. దొరకనివాటిని ఏ రిజిస్టరులో రాస్తారు? ఎనిమిదేళ్ళు పనిచేసిన ఒక బాంబు కుక్క తన జీవితంలో అసలు బాంబును ఒక్కసారీ చూడకుండానే రిటైర్ కావచ్చు. అది విఫలమైనట్టు కాదు. మనం ఆ ఎనిమిదేళ్ళూ నిశ్చింతగా కొబ్బరికాయలు కొట్టుకున్నట్టు.

ఈ నేల మీద అలా ఊరికే గడవని కాలమూ ఉంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. తర్వాతి రెండు మూడు దశాబ్దాలు పాత కరీంనగర్ జిల్లా రోడ్ల మీద కల్వర్టు అంటేనే భయం. మందుపాతర ఏ తూము కింద ఉందో ఎవరికి తెలుసు? జీపులు ఆగి, ముందు మనుషులు దిగి నడిచేవాళ్ళు. కుక్క ఉన్న చోట అది వాళ్ళకన్నా ముందు నడిచేది. దాని వెనక తాడు పొడవంత దూరంలో హ్యాండ్లర్. మిగతా దళమంతా వాళ్ళిద్దరి వెనక. ఆ కాలం గురించి ఎవరి పక్కన నిలబడి మాట్లాడినా ఇంకొకరి గాయం రేగుతుంది. పోలీసులైనా నక్సలైట్లైనా, రెండు వైపులా పోయినవాళ్ళు ఈ ఊళ్ళ పిల్లలే. కుక్క ఒక్కటే ఏ పక్షమూ లేకుండా ఆ తూముల్లోకి తల దూర్చింది. దానికి సిద్ధాంతం తెలియదు, ప్రభుత్వం తెలియదు. బంతి తెలుసు, బంతి ఇచ్చే మనిషి తెలుసు.

ఆ కాలం పూర్తిగా పోలేదని 2025 ఏప్రిల్‌లో తెలిసింది. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో కూంబింగ్ జరుగుతుండగా సీఆర్‌పీఎఫ్‌కు చెందిన రోలో అనే రెండేళ్ళ బెల్జియన్ మలినోయిస్ మీద తేనెటీగలు విరుచుకుపడ్డాయి. హ్యాండ్లర్లు దాని మీద పాలిథీన్ కప్పి కాపాడాలని చూశారు. దాదాపు 200 కాట్లు పడ్డాయన్నారు. ఏప్రిల్ 27న చనిపోయింది. మందుపాతరలు వెతకడానికి పోయిన కుక్కను తేనెపట్టు చంపింది. రిటైర్మెంట్ అనే మాట దాని దాకా రానేలేదు.

కొండగట్టుకే వస్తే, 2023 ఫిబ్రవరి చివర్లో ఇక్కడ చోరీ జరిగింది. రాత్రికి రాత్రి ఆలయంలో చొరబడి సుమారు 15 కిలోల వెండి సామగ్రి ఎత్తుకుపోయారు. తెల్లవారేసరికి క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్ గుట్ట ఎక్కాయి. దర్శనాలు ఆపేశారు. అంజన్న భక్తులు ఎప్పుడూ లేనిది గుడి బయట నిలబడి కుక్క ఎటు పోతుందోనని చూశారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే కర్ణాటకలోని బీదర్ వైపు ముఠాలో కొందరిని పట్టుకుని కొంత వెండి స్వాధీనం చేసుకున్నారు. సీసీ కెమెరాలు, సెల్‌ఫోన్ సిగ్నళ్ళు ఉన్న ఈ రోజుల్లో కూడా జనం ముందుగా అడిగే మాట ‘కుక్క ఎక్కడి దాకా పోయింది?’ అనే. కెమెరా మాట కోర్టు నమ్ముతుంది. కుక్క మాట ఊరు నమ్ముతుంది.

నమ్మడానికి కారణం లేకపోలేదు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు అరవై లక్షల దాకా ఉంటాయనుకుంటే, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కకు ఇరవై కోట్ల పైమాటే. లెక్క సంగతి పక్కన పెట్టినా, ఆ ముక్కు పనితనం మన ముక్కు లాంటిది కాదు. ఊపిరి వదిలేటప్పుడు గాలి ముక్కుపుటాల పక్క చీలికల్లోంచి పోతుంది, అందువల్ల ఎదురుగా ఉన్న వాసన చెదరదు. లోపలికి పోయిన గాలిలో కొంత ఊపిరికి, కొంత వాసనకు వేరువేరు దారుల్లో చీలుతుంది. మనకు సాంబారు వాసన వస్తే, కుక్కకు అందులోని ఇంగువ, కరివేపాకు, నిన్నటి గిన్నె సరిగ్గా తోమలేదన్న సంగతి కూడా వేరువేరుగా తెలుస్తాయని శిక్షకులు అంటుంటారు. కానీ ఈ గొప్ప యంత్రానికి ఒక బలహీనత ఉంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పితేనే వేడి దిగుతుంది. రొప్పుతున్నంతసేపూ వాసన సరిగా పట్టలేదు. అందుకే వైశాఖంలో దాన్ని కొద్దిసేపు తిప్పి, నీడన పడుకోబెట్టి, నీళ్ళు పట్టి మళ్ళీ తిప్పుతారు. జాతర జనం అది చూసి ‘గీ కుక్కకు ఏం బతుకురా, ఏసీ జీపు’ అంటారు. ఆ ఏసీ వాళ్ళ కోసమేనని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

తెలంగాణ పోలీసు కుక్కల్లో చాలావాటికి బడి హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లో ఉంది, ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో. కూనగా వచ్చిన కుక్క, దాని హ్యాండ్లర్ ఇద్దరూ నెలల తరబడి అక్కడ కలిసి చదువుకుంటారు. ఇతర రాష్ట్రాల పోలీసులు కూడా తమ కుక్కల్ని పంపుతారు. చివర్లో పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది, అధికారులు వందనం స్వీకరిస్తారు. అంతా బాగుంటుంది. ఇందులో గమనించాల్సింది ఒకటే. అక్కడ తయారయ్యేది కుక్క ఒక్కటే కాదు, ఒక జంట. ఆ మనిషి గొంతుకు, ఆ మనిషి నడకకు, ఆ మనిషి చేతి చెమటకు ఆ కుక్క అలవాటు పడుతుంది. స్టేషన్లో రైఫిల్‌ను ఒకరి చేతి నుంచి ఇంకొకరికి ఇచ్చి సంతకం పెట్టించుకోవచ్చు. కుక్కను అలా ఇవ్వడం కుదరదు. ఇచ్చినా అది తీసుకోదు.

ఇక్కడే మన చిక్కు మొదలవుతుంది. ఎనిమిదేళ్ళకో తొమ్మిదేళ్ళకో కుక్క రిటైర్ అవుతుంది. తుంటి కీళ్ళు పట్టేస్తాయి, కంట్లో పొర వస్తుంది. హ్యాండ్లర్‌కు ఇంకా సర్వీసుంటుంది. అతనికి కొత్త కూనను ఇస్తారు. పాతది అదే కెనెల్లో పక్క గదిలో ఉంటే, పొద్దున్నే జీపు స్టార్టయిన చప్పుడుకు లేచి గ్రిల్ దగ్గరకు వస్తుంది. తన మనిషి వేరే కుక్కకు పట్టీ కట్టి తీసుకుపోతుంటే చూస్తుంది. కెనెల్లలో పనిచేసినవాళ్ళు ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తారు.

మా పత్రికల వాళ్ళకో అలవాటుంది. దొంగను పట్టిస్తే జాగిలం అని రాస్తాం, పిల్లవాణ్ణి కరిస్తే కుక్క అని రాస్తాం. రిటైరయ్యాక దాన్ని ఏమని రాయాలో మాకింకా తేలలేదు. అసలు రాయం కనక తేల్చుకునే అవసరమూ రాలేదు.

రాయించుకున్నవి కొన్ని లేకపోలేదు. 1993లో బొంబాయి వరస పేలుళ్ళ తర్వాత జంజీర్ అనే లాబ్రడార్ పేరు దేశమంతా తెలిసింది. అమితాబ్ సినిమా పేరే దానికి పెట్టారు. 3,329 కిలోల ఆర్‌డీఎక్స్, 600 డిటొనేటర్లు, 249 చేతిబాంబులు, 6,406 తూటాలు దాని ముక్కు పుణ్యాన బయటపడ్డాయని లెక్క కట్టారు. పై మాటల్లో చెప్పుకున్న ‘ఏమీ దొరకని’ కుక్కల్లో ఇది పెద్ద మినహాయింపు. 2000 నవంబరు 16న ఎముకల క్యాన్సర్‌తో పోయింది. పోలీసు లాంఛనాలతో సాగనంపారు. పూలల్లో పడుకోబెట్టిన ఆ కుక్కకు ఒక పెద్ద అధికారి వంగి పుష్పగుచ్ఛం ఉంచుతున్న ఫొటో ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంటుంది. మన భాషలో ‘కుక్క చావు’ అని ఒక తిట్టుంది. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆ తిట్టును ఎవరో మన చేతిలోంచి లాక్కున్నట్టుంటుంది.

2008 నవంబరు 26 దాడుల వేళ ముంబయిలో పనిచేసిన సీజర్, మ్యాక్స్, సుల్తాన్, టైగర్‌ల కథ ఇంకో రకం. రిటైరయ్యాక నాలుగూ విరార్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో కలిసి బతికాయి. 2016లో ఒకదాని వెనక ఒకటి నాలుగూ పోయాయి. చివరిది సీజర్. ముందు ముగ్గురు స్నేహితులు పోయాక అది తిండి మీద ధ్యాస వదిలేసిందని చూసుకున్నవాళ్ళు చెప్పారు. రిటైర్డ్ కుక్కకు గది, గిన్నె చాలవని, తోడు కూడా కావాలని ఆ నాలుగూ చెప్పి పోయాయనుకోవాలి.

ప్రభుత్వాలు ఈ సంగతి నేర్చుకోవడం ఆలస్యమైంది. అమెరికా సైన్యం వియత్నాంలో వేల కుక్కల్ని వాడుకుని, తిరిగొచ్చేటప్పుడు చాలావాటిని మిగులు సామగ్రి లెక్కలో అక్కడే వదిలేసింది. సైనిక కుక్కల్ని దత్తత ఇవ్వడానికి వీలుగా వాళ్ళు చట్టం చేసుకున్నది 2000లో. రాబీ అనే కుక్కను దాని హ్యాండ్లర్ ఇంటికి తెచ్చుకోవాలని పోరాడి ఓడిపోతే, ఆ కుక్క పేరు మీదే చట్టం వచ్చింది. రాబీకి మాత్రం అది అందలేదు. మన సైన్యంలో కూడా పని చేయలేని కుక్కల్ని నిద్రపుచ్చే పద్ధతి ఉండేదని 2015లో సమాచార హక్కు కింద బయటపడింది, గొడవైంది, ఆ తర్వాతే మారింది. ఢిల్లీ మెట్రోలో పనిచేసిన 7 కుక్కలకు 2019 నవంబరులో సీఐఎస్‌ఎఫ్ మెడల్స్ వేసి, జ్ఞాపికలిచ్చి, సభ పెట్టి వీడ్కోలు పలికింది. అదే ఏడాది కేరళ పోలీసులు త్రిశూర్ అకాడమీలో రిటైర్డ్ కుక్కల కోసం ‘విశ్రాంతి’ అని ఒక ఇల్లు కట్టారు. పేరు కూడా మనకు అనువదించుకునే శ్రమ లేకుండా పెట్టారు. ఆ కేరళ పోలీసులవే మాయ, మర్ఫీ అనే రెండు కుక్కలు 2025 మార్చిలో మన నాగర్‌కర్నూల్ జిల్లాకు వచ్చాయి. ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోతే, బురదలో, చీకట్లో వాళ్ళ జాడ చూపడానికి. మన కష్టానికి వాళ్ళ కుక్కలు పనికొచ్చాయి. వాళ్ళ పద్ధతి కూడా పనికొస్తుంది.

చక్కెర ముత్యంపేట అడ్డు తగులుతుందని మొదట్లోనే అన్నాను కదా. ఇదంతా చదివి ఎవరైనా అడగవచ్చు, ‘మనుషుల పింఛన్లకే దిక్కులేదు, కుక్కల పింఛనా?’ అని. అడగాల్సిన మాటే. ఆ ముత్యంపేటలో నిజాం డెక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. గానుగ ఆగింది. రిటైర్మెంట్ వయసు రాకుండానే కొలువు పోయిన కార్మికులు, చెరకు మానుకుని వరికి మళ్ళిన రైతులు ఆ చుట్టుపక్కల ఎంతమందో. వాళ్ళ ముందు నిలబడి కుక్క కీళ్ళనొప్పుల గురించి మాట్లాడటం సిగ్గుగానే ఉంటుంది. కానీ ఆ మాట అన్నవాళ్ళు ఇంకో అడుగు వేసి చూడాలి. కార్మికుడు కనీసం ధర్నా చేశాడు, పాదయాత్ర చేశాడు, ఎన్నికల్లో అడిగాడు. పని అయిపోయినవాళ్ళను మరిచిపోయే అలవాటు మనకు మనుషుల దగ్గర మొదలైందో, కుక్కల దగ్గర మొదలైందో చెప్పలేను. ఒకచోట మానుకుంటే రెండోచోట మానడం సులువవుతుందని మాత్రం అనుకుంటాను.

అడిగేది పెద్దదేమీ కాదు. పనిచేయించుకున్న కుక్క మీద మొదటి హక్కు దాని హ్యాండ్లర్‌దని కాగితం మీద ఉండాలి. అధికారి మంచివాడైతే దయతలచి ఇచ్చేదిగా ఉండకూడదు. తీసుకెళ్ళినవాడికి దాని తిండి ఖర్చు, మందుల ఖర్చు అది బతికినన్నాళ్ళు శాఖే భరించాలి. పోలీసు క్వార్టర్‌లో పిల్లల ఫీజులకు తడుముకునే కానిస్టేబుల్‌ను పెద్ద కుక్క వైద్యం ఖర్చు కూడా నెత్తిన వేసుకోమనడం ప్రేమను పన్ను వేసి వసూలు చేయడమే. తీసుకెళ్ళలేనివాడు వారం వారం వచ్చి చూసిపోయేంత దూరంలో దానికొక చోటుండాలి. అంతే.

కుక్క ఫిర్యాదు చిన్నది కాదని మన ఆదికవి నన్నయకు తెలుసు. తెలుగు భారతం ఆదిపర్వం మొదలవగానే మనకు కనిపించేది ఒక కుక్క తల్లి. దేవతల కుక్క సరమ. పణులు ఆవుల్ని దొంగిలించుకుపోతే జాడపట్టి వెళ్ళిన కుక్కగా వేదంలో దాని కథ ఉంది. పోలీసు కుక్కల వంశానికి మూలపురుషుడెవరంటే ఆ ఆడకుక్కనే చెప్పాలి. దాని కొడుకు సారమేయుడు జనమేజయుడి యజ్ఞవాటికలో ఆడుకుంటుంటే రాజు తమ్ముళ్ళు ఊరికే కొట్టి తరిమారు. తప్పేమీ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని సరమ రాజును నిలదీసింది. సమాధానం లేదు. అనుకోని ఆపద వస్తుందని చెప్పి పోయింది. అంత పెద్ద కురుక్షేత్రం చెప్పబోతూ నన్నయ తలుపు దగ్గర ఒక కుక్క ఫిర్యాదు పెట్టాడు. మనం ఆ పేజీ తొందరగా తిప్పేస్తాం, యుద్ధం ఇంకా చాలా దూరముంది కదా అని.

గుట్ట మీద చూసిన ఆ గోధుమ రంగు కుక్క మొన్న చలికాలంలో పోయింది. పేరు రాయడం లేదు, రాస్తే దాన్ని పెంచినాయన పేరూ తెలిసిపోతుంది, ఆయన వద్దన్నాడు. రిటైరయ్యాక పై అధికారుల అనుమతితో దాన్ని తన ఇంటికే తెచ్చుకున్నాడు. కోరుట్ల దగ్గర ఊరు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంటామె బీడీలు చేస్తుంది. వాకిట్లో చాట, అందులో తునికాకు, తంబాకు. డ్యూటీలో ఉన్నన్నాళ్ళు ఆ కుక్కను ఇంటికి తెచ్చినా చాట దరిదాపులకు రానిచ్చేవాడు కాదట, ముక్కు పాడైతదని. రిటైరయ్యాక అది పడుకున్నది ఆ చాట పక్కనే. ఆమె తిడుతూనే కాలితో దాని వీపు రాస్తూ కట్టలు కట్టేది.

పలకరించడానికి పోయినప్పుడు ఆయన గూట్లోంచి ఆ బంతి తీసి చూపించాడు. రబ్బరు పెచ్చులూడి, పంటిగాట్లతో ఒకవైపు సొట్టబోయింది.

“ఇంట్ల దాపెట్టి వెతికిచ్చేటందుకు నా దగ్గర సామాన్ ఏముంటది సార్. డిపార్ట్‌మెంట్‌దాయె. ఊకెనే బంతి ఇచ్చేటోన్ని. తీస్కునేది కాదు.”

“మరి?”

“నా మొహం చూసేది. లేచి గేటు కాడికి పోయేది. వాకిట్ల విడిచిన చెప్పులు ఉంటయి గద, ఎవరెవరియో, అన్నీ ఒక్కొక్కటే మూసి చూసేది. కండ్లు కనవడవు, గోడకు తాకుకుంట పోయేది. నా సైకిలు మోటరు, బీడీల సంచి, అన్నీ చూసి మల్ల వచ్చి నా ముందర నిలవడేది. ఏం లేదు అన్నట్టు. గప్పుడు తీస్కునేది.”